రెండు విగ్గులు, ఒక మొక్కు

విగ్గు చేతికిస్తే ఎవరైనా అద్దం ముందుకు పోతారు. నేను మాత్రం దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూశాను. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో 22 ఏళ్లుగా రవికెలు కుడుతున్నా. పైన గుడ్డ ఎంత మెరిసినా లోపల కుట్టు బాగా లేకపోతే రెండు ఉతుకులకే దాని పని అయిపోతుంది. అంగడాయన "పెట్టుకుని చూడండి మేడమ్" అంటూనే ఉన్నాడు. నేను వేలితో వరసలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా.

రొమ్ము క్యాన్సరుకు కీమో మొదలు కాబోయే ఆడవాళ్లు ఈమధ్య మా అంగడికొచ్చి, రవికె కొలతలిచ్చే నెపంతో "విగ్గు ఎక్కడ కొన్నావక్కా, ఎంత పడింది?" అని చెవిలో అడిగి పోతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పడం కంటే అంతా ఒకచోట రాసేస్తే మేలనిపించింది. నేను కొన్న అంగళ్ల పేర్లు మాత్రం రాయను. ఒకచోట నాకు మంచి జరగలేదు, ఇంకోచోట సగం మంచి జరిగింది. మీరు పోయేసరికి అక్కడ కూర్చునే మనిషి మారిపోయి ఉండొచ్చు.

ముందు జుట్టు సంగతి. 2023లో వరలక్ష్మీ వ్రతం రవికెలతో ఊపిరాడని వారంలో గడ్డ చేతికి తగిలింది. పండగ పోయాక చూపించుకుందాంలే అని మూడు వారాలు నాన్చాను. ఆ పని మీరు చేయొద్దు. ఆపరేషన్ అయింది. తర్వాత కీమో అన్నారు. 21 రోజులకొకటి చొప్పున 4 సార్లు ఎర్ర మందు, అది అయ్యాక వారానికొకటి చొప్పున 12. అప్పటికి నా జుట్టు నడుము దాటి ఉండేది. ఆపరేషన్ గది బయట మా అమ్మ నన్నొక మాటైనా అడక్కుండా మొక్కేసుకుంది: "నా బిడ్డ లేచి తిరిగితే దాని తలనీలాలు నీకిస్తా సామీ."

మొదటి కీమో అయిన 16వ రోజు దువ్వెన పెడితే జుట్టు దువ్వెనతోనే వచ్చేసింది. రాలుతుందని ముందే తెలుసు. రాలేముందు మాడంతా సలుపుతుందని తెలియదు. బిగించి అల్లిన జడ సాయంత్రం విప్పితే ఎట్లా ఉంటుందో అట్లా, కాకపోతే పగలూ రాత్రీ. మూడు రోజులు దిండు మీద, బాత్‌రూము జాలీలో, ఆఖరికి సాంబారులో కూడా నా వెంట్రుకలే. మిగిలింది మా ఆయన నా కత్తెరతోనే కత్తిరించేశాడు. గుడ్డకు తప్ప దేనికీ వాడనివ్వని కత్తెర అది. ఆ వారమే వీధిలోకి "వెంట్రుకలకు స్టీలు గిన్నెలూ" అని అరుచుకుంటూ ఒకామె వచ్చింది. మా అమ్మ వాకిట్లోకి పోయి "ఈ ఇంటి ముందర అరవద్దు, పో" అని తరిమింది. లోపలికొచ్చి రాలిన జుట్టంతా ఏరి, పసుపు గుడ్డలో మూటకట్టి దేవుడి గూట్లో పెట్టింది.

అమ్మ దిగులు వేరే. "మొక్కిన జుట్టు మొక్కు తీరకముందే పాయె. ఇప్పుడు సామికి ఏమిచ్చేది?" అని ఒకటే గొణుగుడు. మా ఆయన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. సీజన్ లేని నెలల్లో ఇంట్లో ఉండి ఇట్లాంటి మాటలే అంటుంటాడు. "వడ్డీకాసులోడు గదత్తా. అసలు ముందే పట్టుకున్నాడు. ఇంక వడ్డీ ఇస్తే సరి." అమ్మ గరిటె ఎత్తింది. నేను కుట్లు పడిన చోట లాగేదాకా నవ్వాను. కానీ ఆ రోజు నుంచి దీపం పెట్టడం మానేశా. ఇస్తామన్నది ఇచ్చేదాకా ఆగలేనివాడికి దండమెందుకు అనిపించింది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అమ్మాయి పెట్టేది దీపం, కాలేజీకి పోయేముందు.

మొదటి విగ్గు సింథటిక్‌ది. తిరుపతికి కీమోకు పోయినప్పుడు కొన్నా, 2,300 రూపాయలు. మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. బరువు లేదు. చన్నీళ్లలో జాడించి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. దువ్వకపోయినా వంపులు చెక్కుచెదరవు. నలుపు మరీ నలుపు, ఎండలో నైలాన్ చీరలాగా మెరుస్తుంది, దానికీ సర్దుకున్నా. నెల తిరక్కముందే ఒక పట్టు రవికె మీద స్టీమ్ ఇస్త్రీపెట్టె పట్టుకుని వంగాను. కాలిన వాసన. పెళ్లివాళ్ల రవికె, గుండె ఆగినంత పనైంది. రవికె బాగానే ఉంది. కాలింది నా ముందు కుచ్చు, వేయించిన సేమ్యా మాదిరి ముడుచుకుపోయింది. ఈ రకం విగ్గుతో పొయ్యి దగ్గరికి, కుక్కరు ఆవిరికి, ఇస్త్రీపెట్టెకు పోకూడదట. ఆ ముక్క అట్టపెట్టె అడుగున చీమకాళ్లంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. అమ్మినాయన నోటితో చెప్పలేదు. వంటా ఇస్త్రీ రెండూ చేయక్కర్లేని ఆడది ఎవరైనా ఉంటే నిక్షేపంగా కొనుక్కోవచ్చు. ఐదుకు రెండు మార్కులు.

రెండోది అసలు వెంట్రుకలది, 18,500. చీటీ ఎత్తిన డబ్బు, అమ్మాయి కమ్మలకని దాచింది. "కమ్మలు ఎప్పుడైనా చేయించుకోవచ్చులేమ్మా" అని తనే నన్ను అంగడికి లాక్కుపోయింది. అక్కడ అద్దం అంగడి నడిమధ్యన ఉంది. పక్కనే ఇద్దరు కాలేజీ పిల్లకాయలు జుట్టు రంగు బేరమాడుతున్నారు. తలగుడ్డ తీయడానికి నాకు చేయి లేవలేదు. తిరుపతిలో గుండుకు సిగ్గేమిటి, బస్టాండులో సగం మంది గుండ్లే గదా అనొచ్చు మీరు. మొక్కు గుండుకు గంధం ఉంటుంది, కింద కనుబొమలు ఉంటాయి. నాకు గంధం లేదు, కనుబొమలు అరకొర. అంగట్లో పనిచేసే పిల్ల ఒక్క క్షణం చూసి, ఏమీ అనకుండా తన చున్నీ తీసి నా చుట్టూ అడ్డం పట్టింది. విగ్గులమ్మేవాళ్లు ఒక మూల తెర కట్టండయ్యా. మూడు మీటర్ల కర్టెన్ గుడ్డ తెచ్చుకోండి, కుట్టుకూలి నేను తీసుకోను.

ఇక కుట్టు. అడుగున వల టోపీ ఉంటుంది. దాని మీద వెంట్రుకల వరసలు మిషన్ మీద కుట్టి ఉంటాయి, చీర అంచుకు లేసు వేసినట్టు. పాపిట దగ్గర మాత్రం సన్నని జాలీలో ఒక్కో వెంట్రుకా చేత్తో ముడేసి ఉంటుంది. రేటంతా ఆ అరచేయంత జాగాదే. ఆ ముడులు వేసినామె ఎవరో గానీ ఆమె కళ్లకు దండం పెట్టాలి. చెవుల వెనక ఎలాస్టిక్ పట్టీలు, వాటికి మన రవికె హుక్కుల్లాంటివే హుక్కులు. ఎడమ హుక్కు నాసిరకం. వారానికే వదులైతే పీకేసి నేనే మంచి హుక్కు వేసుకున్నా. కొలత జుట్టు ఉండగా ఇస్తే తర్వాత వదులైపోతుంది. నుదురు, చెవుల పైన, మెడ వెనక గుంట మీదుగా టేపు చుట్టాలి. నాది జుట్టుతో 22న్నర అంగుళాలు, గుండుతో 21న్నర. ఒక అంగుళం తేడా అంటే చిన్నది కాదు, చంద్రగిరి దగ్గర బస్సు కిటికీ గాలికి పట్టుకోవలసి వస్తుంది. నేను పట్టుకున్నా. పక్కసీటు ముసలాయన తలనొప్పనుకుని జండూబామ్ ఇచ్చాడు.

ఉతకడం పది రోజులకొకసారి చాలు. షాంపూ కలిపిన నీళ్లలో ముంచి తీయాలి. పిండకూడదు, రుద్దకూడదు. తువ్వాలులో అద్ది నీడలో ఆరబెట్టాలి. దానికి స్టాండు 900 అన్నారు. మా ఆయన వద్దని, పాత సంగటి కుండ కడిగి బోర్లించి దాని మీద పెట్టాడు. ఆ రాత్రి అమ్మ మంచినీళ్లకు లేచి వంటింట్లోకి పోయి, కిటికీ వెలుతురులో కుండను చూసి "అమ్మా గంగమ్మా!" అని పెట్టిన కేక ఎదురింటివాళ్లకు వినిపించింది. వాళ్లు నాకేదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఎర్ర మందు పడిన మూడో రాత్రి అది. పొద్దుట్నుంచి గుక్కెడు మజ్జిగ కూడా నిలవలేదు, నోరంతా ఇనుము నాకినట్టు. అందరం ఆ కుండ చుట్టూ నిలబడి నవ్వుతుంటే నాకు ఆకలేసింది. ఆ అర్ధరాత్రి ఎదురింటామె తెచ్చిన చల్ది సంగటి, ఊరుబిండి తిన్నా. నిలిచింది కూడా.

మార్చి వచ్చేసరికి అసలు కష్టం బయటపడింది. ఎండ. చిత్తూరు ఎండలో ఏ విగ్గైనా తల మీద కుంపటే. వల రాసుకుని మాడు దురద. దీనికి నా మందు చెబుతా: అడుగున మెత్తని నూలు టోపీ వేసుకోండి. రవికెల లైనింగుకు వాడే టూ బై టూ గుడ్డ అర మీటరు చాలు. కుట్టు బయటి వైపుకు రావాలి, చర్మానికి తగలకూడదు. చెప్పడానికి తేలికే గానీ, అప్పటికి వారం వారం పడే మందుకు నా వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. సూది పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. 22 ఏళ్లలో మొదటిసారి నాకు దారం ఎక్కించడం చేతకాలేదు. ఆ రోజు మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను, జుట్టు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. మర్నాటి నుంచి అమ్మాయి కాలేజీకి పోయేముందు పది సూదులకు పది రంగుల దారాలు ఎక్కించి దిండు మీద గుచ్చిపెట్టి పోయేది. పదీ అయిపోయేసరికి సాయంత్రమయ్యేది. అట్లా కుట్టిన టోపీల్లో మొదటిది వంకర. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అంగడాయన విగ్గు అమ్మేటప్పుడు "ప్యూర్ తిరుపతి హెయిర్ మేడమ్" అన్నాడు. కల్యాణకట్టలో జనం ఇచ్చిన జుట్టును దేవస్థానంవాళ్లు పొడవును బట్టి రకాలు చేసి వేలం వేస్తారు, పొడుగుది విగ్గులకు పోతుంది. అది నిజమే. నా నెత్తిన ఉన్నది ఆ జుట్టేనని ఎవరు చెప్పగలరు? అమ్మేవాడి మాట. నేనూ లైనింగు గుడ్డ గురించి కస్టమర్లకు అట్లా చెప్పిన రోజులున్నాయి. కానీ మూడు నెలలు ఉతికేసరికి విగ్గు రంగు కొంచెం దిగింది. చెవి పక్కన ఒక తెల్ల వెంట్రుక బయటపడింది. ఒక్కటే, కుదురు నుంచి కొస దాకా తెలుపు. అంటే ఈ జుట్టు ఇచ్చినామె పద్దెనిమిదేళ్ల పిల్ల కాదు, నా ఈడుది. తిరుమలలో ఇచ్చిందో, ఎక్కడిచ్చిందో. నడుము దాకా పెంచుకున్న జుట్టు ఆ వయసులో ఎవరూ ఊరికే ఇవ్వరు. కొడుక్కి జ్వరమా, మొగుడికి యాక్సిడెంటా, తనకే నాలాంటిదా?

మా అమ్మది వాయల్పాడు పక్క పల్లె, తరిగొండ దగ్గర. వాంతులయ్యే రాత్రుళ్లు నా వీపు నిమురుతూ వెంగమాంబ కథ చెప్పేది. చిన్నతనంలోనే మొగుడు పోతే, తల తీయించుకోమని ఊరంతా మీదపడితే, వెంకటేశ్వరుడే నా మొగుడు, తీయించుకోను పొమ్మన్న మనిషి. కొండ మీద రోజూ రాత్రి ఏకాంతసేవలో ఇప్పటికీ ఆమె ముత్యాలహారతే ఇస్తారు, జనం భోంచేసే అన్నప్రసాద కేంద్రానికి ఆమె పేరే. "ఆమె వద్దంటే ఉండింది, నాది ఉండనీకపోయె" అని నేను విసుక్కున్నా. అమ్మ కథ మార్చింది. పుట్టలో ఉన్న సామికి పశులకాపరి గొడ్డలి దెబ్బ తగిలి తల మీద కొంత జుట్టు పోయిందంట. నీలాదేవి చూడలేక తన జుట్టు కోసి అక్కడ పెట్టిందంట. కొండ మీద మనం ఇచ్చే తలనీలాలన్నీ ఆమెకే చెందాలని సామి మాటిచ్చాడంట. చిన్నప్పట్నుంచి వందసార్లు విన్న కథే. ఆ రాత్రి మాత్రం లేచి కూర్చున్నా. "అంటే అమ్మా, సామిది కూడా..." "నోరు మూసుకుని పడుకో" అంది అమ్మ. చీకట్లో ఆమె నవ్వుతున్నట్టు మంచం కదిలింది.

నాకోసం దండం పెట్టుకోవడం అప్పటికీ రాలేదు. ఆ తెల్ల వెంట్రుకామె కోసం మాత్రం పెట్టగలిగాను. పొద్దున విగ్గు పెట్టుకుని హుక్కు బిగించేటప్పుడు "ఆమె అనుకున్నది జరిగుండాల సామీ" అని ఒక మాట. అంతే. తర్వాత కొన్నాళ్లకు దీపం కూడా నేనే పెట్టడం మొదలైంది. ఏ రోజు నుంచో గుర్తులేదు.

కాలిన విగ్గు సంగతి మిగిలింది. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర. గంగమ్మ సామికి చెల్లెలంటారు, కొండ మీది నుంచి సారె వస్తుంది. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, ఆడవేషంలో అమ్మవారి దగ్గరికి పోతారు. మా మరిది తిరుపతిలో ఆటో నడుపుతాడు, ఆరడుగుల మనిషి, గుబురు మీసం. ఒకరోజు ఫోను చేసి నీళ్లు నమిలాడు. "వదినా, నీకు బాగైపోవాలని వేషం మొక్కుకుండా. రవికె కుట్టిస్తావా?" ఛాతీ 44. మగవాడికి రవికె కొలత తీయడం నా సర్వీసులో అదే మొదలు. టేపు చుట్టగానే చక్కిలిగింతలని గంతులు. మీసం తీయాల్సి వస్తుందని ఏడుపు మొహం. కాలిన విగ్గు ఇచ్చా. ఆ ముడుచుకున్న కుచ్చు నుదుటి మీదికి లాగితే రింగుల జుట్టులా భలే కుదిరింది, పొయ్యి లేని ఉద్యోగం దొరికింది దానికి.

డాక్టరు గుంపులోకి పోవద్దన్నారని నేను మాస్కు పెట్టుకుని వీధి చివర ఆటోలోనే కూర్చున్నా. ఉక్కకు తట్టుకోలేక విగ్గు తీసి ఒళ్లో పెట్టుకున్నా, టోపీ కూడా తీసేశా. వీధిలో ఎటు చూసినా చీరలు, గాజులు, జడలు, అన్నీ మగవాళ్లవే. అక్కడ గుండుతో ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఒక జడవేషం కుర్రాడు ఆటో పక్కన ఆగి, నా ఒళ్లో విగ్గు చూసి "అక్కా, ఎంతకిస్తావు?" అన్నాడు. తల చూసి నాలిక కరుచుకున్నాడు. "నీ జడ బాగుంది నాయనా, నీ రవికె చేతులే వదులు" అన్నా. పక్కనున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. వాడు వంగి నా కాళ్లకు దండం పెట్టి పోయాడు. ఆ రోజు ఇంటిదాకా తల మీద ఏమీ పెట్టుకోలేదు.

జుట్టు నెలకు అర అంగుళం చొప్పున వచ్చింది. మొదట బూజులాగా, తర్వాత రింగులు రింగులుగా. పాత జుట్టు తిన్నటి జుట్టు. 2025 ఫిబ్రవరికి నాలుగంగుళాలైంది. అమ్మ పసుపు మూట తీసింది. కల్యాణకట్టలో డబ్బు కట్టే పనేమీ లేదు, టోకెన్ తీసుకుని కూర్చోవడమే. గుండు గీసింది ఆడమనిషే. తల తడిపి, వేళ్లు పెట్టి చూసి, "ఇదేంది పెద్దమ్మా, పసిబిడ్డ జుట్టు మాదిరి ఉండాది. పుట్టెంట్రుకలా?" అంది. అమ్మ "అవును తల్లీ, పుట్టెంట్రుకలే" అని సంగతి చెప్పింది. ఆమె ఒక్క క్షణం కత్తి ఆపింది. "అయితే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాల గదా. మేనమామ యాడ?" మా మామకు 78 ఏళ్లు, వాయల్పాడులో మోకాళ్ల నొప్పులతో మంచం దిగడు. మా ఆయన అక్కడికక్కడే వీడియో కాల్ చేసి ఫోను నా ఒళ్లో పెట్టాడు. మామ పై పళ్లు కట్టుడువి పెట్టుకోలేదు. "గోవిందా" అంటుంటే "గోయిందా" అని వినిపిస్తోంది. గుండు అయ్యేదాకా ఆపకుండా అన్నాడు. తీసిన జుట్టుతోపాటు పసుపు మూటను కూడా ఆమె హుండీలో వేయించింది. "పాతదైతే ఏమి, ఇదీ నీదే గదా" అంది. ఈసారి నా గుండుకు గంధం ఉంది. కనుబొమలూ ఉన్నాయి.

అసలు వెంట్రుకల విగ్గుకు ఐదుకు మూడున్నర ఇస్తా. పాపిటకు మార్కులు, ఎండకు కోత, తెర లేనందుకు అర కోత. టోపీకి నా మార్కులు నేనే వేసుకోకూడదు. విగ్గు ఇప్పుడు నా దగ్గర లేదు. రేడియేషన్ వరండాలో పరిచయమైన మదనపల్లె వైపు పిల్లకు ఇచ్చేశా. ఆమె ఇంట్లో చిన్నబిడ్డ ఉంది, గుండు చూసి దగ్గరికి రావడం లేదంది. ఉతికి, నాలుగు టోపీలు కలిపి ఇస్తూ, చెవి పక్కన తెల్ల వెంట్రుక ఉంటుంది, పీకొద్దని చెప్పా. మొన్న ఫోను చేసింది.

"అక్కా, హుక్కు ఊడొచ్చింది."

"ఎడమదా, కుడిదా?"

"కుడిది."

అదీ మాట. ఎడమది నేను వేసింది. "ఆదివారం బస్సెక్కి రా, వేసిస్తా. బిడ్డను కూడా తీసుకురా" అన్నా.